క్యాబిన్ చూసి పడవ కొనరాదు

అమెరికా వాయవ్య కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ మహాసముద్రం నేలలోనికి చొచ్చుకువచ్చి ఏర్పడిన ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో సాల్మన్ చేపలు పట్టేవారికి క్యాబిన్ విలాసం కాదు. వేసవిలో కూడా నీటి ఉష్ణోగ్రత చాలాచోట్ల 13 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే ఉండి, అక్టోబరు మొదలు వసంతం దాకా ముసురు వదలని ఆ ప్రాంతంలో, తలపైన కప్పు, ముందు గాలిని ఆపే అద్దం ఉన్న పడవే ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కరకు వస్తుంది. రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో స్థిరపడిన తెలుగు ఉద్యోగులకు ఈ జలాలు గంటలోపు ప్రయాణం. 22 అడుగుల కొత్త క్యాబిన్ పడవ ఇంజన్, ట్రైలరుతో కలిపి చాలా సందర్భాలలో లక్ష డాలర్లు దాటుతుంది గనుక, పదిహేను ఇరవై వేలకు మించి వెచ్చించలేనివారు ఇరవై ముప్పై ఏళ్ల కిందటి వాడిన పడవల వైపు చూడక తప్పదు. అమ్మేవారు కడిగి తుడిచి ముస్తాబు చేసేదీ, కొనేవారు మొదట తల దూర్చి చూసేదీ క్యాబినే. కొన్న తరువాత డబ్బును మింగేవి మాత్రం కంటికి ఆనని వేరే చోట్లు.

వాటిలో మొదటిది చెక్క. ఫైబర్‌గ్లాస్ పడవలో చెక్క ఎక్కడిదన్న సందేహం సహజమే కాని, 1990ల దాకా, కొందరు తయారీదారుల విషయంలో ఆ తరువాత కూడా, పడవ వెనుక వైపును నిలువుగా మూసి ఇంజన్ బరువును మోసే ట్రాన్సమ్ అనే పలకనూ, అడుగున పొడవునా సాగి పడవకు బిగువునిచ్చే స్ట్రింగర్లు అనే దూలాలనూ ప్లైవుడ్‌తోనో కలపతోనో చేసి, వాటిపై గాజునారను, పాలియెస్టర్ రెజిన్‌ను పొరలు పొరలుగా అద్దడం సాధారణ పద్ధతిగా ఉండేది. ఆ పొర చిల్లుపడనంత కాలం లోపలి చెక్కకు ఢోకా లేదు. అయితే పాత యజమానులలో ఎవరో ఒకరు చేపల జాడ చూపే సోనార్ పరికరాన్ని బిగించడానికి ట్రాన్సమ్‌లోకి నాలుగు మరలు దింపి, వాటి చుట్టూ నీరు చొరని జిగురు పట్టించకుండా వదిలివేస్తే, ఆ సందులలోంచి ఏళ్ల తరబడి ఊరిన నీరు ప్లైవుడ్‌ను చివికిపోయేలా చేస్తుంది, పైపూత మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ల పడవను చూసేటప్పుడు దాని తయారీదారు పేరు కంటే దానికి పడిన రంధ్రాల లెక్క ముఖ్యమనడం ఇందువల్లనే.

ఈ చివుకును కనిపెట్టే మొదటి సాధనం చిన్న ప్లాస్టిక్ సుత్తి. సంతలో కుండను తట్టి కొన్నట్లే ట్రాన్సమ్‌ను అంగుళం అంగుళం తట్టుతూ పోతే గట్టిగా ఉన్నచోట ఠంగుమన్న మోత, చివికినచోట మొద్దు శబ్దం వినిపిస్తాయి; ఆ పైన ట్రాన్సమ్‌కు బయట వేలాడే ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉంటే దాని కింది భాగాన్ని ఒకరు చేతులతో పైకీ కిందికీ ఊపుతుండగా మరొకరు ట్రాన్సమ్‌ను గమనిస్తే, పలక ఏమాత్రం వంగినా, ఇంజన్ బిగింపుల దగ్గర పగుళ్లు నోరు తెరిచినా, ఆ పడవకు పెద్ద మరమ్మతు రాసి ఉన్నట్లే. డెక్ మీద నడిచేటప్పుడు కాలి కింద మెత్తగా దిగే చోట్లను కూడా ఇదే కోవలో చేర్చాలి. ఎక్కువమందికి తట్టని ఉపాయం ఇంకొకటి ఉంది. మునగకుండా ఉండటానికి డెక్ కింద నింపిన ఫోమ్ నీటిని పీల్చుకుని ఉంటే పడవ బరువెక్కుతుంది కాబట్టి, ట్రైలరుతో సహా దానిని లారీలను తూచే కాటా మీదికి ఎక్కించి, ట్రైలరు, ఇంజన్, పెట్రోలు బరువులను మినహాయించి, తయారీదారు ప్రకటించిన బరువుతో పోల్చితే, వందల కిలోల తేడా దానంతట అదే బయటపడుతుంది. కొద్దిపాటి రుసుముతో ఇంత నిజం చెప్పే పరీక్ష మరొకటి లేదు.

అదే ఫోమ్‌లో పూడ్చిన అల్యూమినియం పెట్రోలు ట్యాంకు రెండవ గండం. లోహానికీ ఫోమ్‌కూ నడుమ చిక్కుకున్న ఉప్పునీరు ట్యాంకును సూదిబెజ్జాలుగా తినివేస్తుంది. దానిని మార్చాలంటే చాలా పడవలలో డెక్‌నే కోయవలసి వస్తుంది. పైగా అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా పది శాతం దాకా కలిసి ఉండే ఇథనాల్ తేమను పీల్చుకుని, మోతాదు మించినప్పుడు నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది గనుక, నెలల తరబడి కదలని పడవ ట్యాంకును అనుమానంతోనే చూడాలి.

ఇంజన్ విషయంలో తక్కువ ధర పడవల సంత రెండుగా చీలి ఉంటుంది. పడవ వెనుక బయట వేలాడే ఔట్‌బోర్డ్ ఒక రకం కాగా, కారు ఇంజన్‌ను ఆధారం చేసుకున్న ఇంజన్‌ను పడవ లోపల ఉంచి, ప్రొపెల్లరు గల కాలును మాత్రం ట్రాన్సమ్‌లోంచి బయటికి దించే స్టెర్న్‌డ్రైవ్ మరొక రకం. దీనిని 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా సంస్థ ఆక్వామాటిక్ అనే పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. ఒకే పొడవు, ఒకే వయసు ఉన్న పడవలలో స్టెర్న్‌డ్రైవ్ ఉన్నది చవకగా కనిపించడానికి కారణం ఉంది. సముద్రపు నీటితోనే చల్లబడే ఇంజన్‌లో పొగను బయటికి పంపే పోత ఇనుప గొట్టాలు కొన్నేళ్లకే లోపలి నుంచి తుప్పుపడతాయి. వాటిని సకాలంలో మార్చకపోతే ఉప్పునీరు సిలిండర్లలోకి చేరి ఇంజన్‌నే బలి తీసుకుంటుంది. ట్రాన్సమ్ రంధ్రం చుట్టూ నీటిని ఆపే మడతల రబ్బరు తొడుగు చిరిగితే కట్టేసి ఉంచిన పడవ కట్టేసినచోటే మునిగిపోవచ్చు. కొన్నింటికి విడిభాగాల కరువు కూడా తోడవుతుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీదారైన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది గనుక, అది 1980లలో తెచ్చిన కోబ్రా స్టెర్న్‌డ్రైవ్‌లు ఉన్న పడవ ఎంత తక్కువకు వచ్చినా మెకానిక్ కానివారు దానికి దూరంగా ఉండటమే మేలు. ఔట్‌బోర్డ్‌ను పని ముగియగానే నీటిలోంచి పైకెత్తవచ్చు, మంచినీటితో లోపల కడగవచ్చు, చెడితే ఊడదీసి వేరొకటి బిగించవచ్చు. ఈ మూడు సౌకర్యాల విలువ ఉప్పునీటిలో తిరిగేవారికే తెలుస్తుంది.

చూడబోయే ఇంజన్ చల్లగా ఉండాలి. కొనేవారు వచ్చేసరికే దానిని నడిపి వేడి చేసి ఉంచారంటే, చల్లని ఇంజన్ మొరాయిస్తుందేమోనని శంకించడంలో తప్పులేదు. అన్ని సిలిండర్లలోని ఒత్తిడిని గేజితో కొలిచినప్పుడు అంకెలు ఒకదానికొకటి పది శాతం లోపు తేడాతో ఉండాలి. గేరు నూనె తెల్లగా చిక్కబడి ఉంటే సీళ్లు దాటి నీరు చేరినట్లు. గంటల మీటరులో తక్కువ అంకె కనబడటం మెచ్చుకోదగిన లక్షణం కానే కాదు, ఎందుకంటే ఏటా యాభై నుంచి వంద గంటలు తిరిగి సకాలంలో నూనె మార్చుకున్న ఇంజన్, పదేళ్లు టార్పాలిన్ కింద పడి ఉన్న దానికంటే ఆరోగ్యంగా ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక క్యాబిన్ సంగతి. ముక్కు భాగంలో పాకుతూ దూరవలసిన చిన్న గూడును కడీ క్యాబిన్ అంటారు. నడిపే మనిషి నిలబడటానికి నాలుగు వైపులా మూసిన గది పైలట్‌హౌస్. చలిప్రాంతపు వేటకు రెండవదే పనికివస్తుంది, కాని 20 అడుగుల పడవలో గదికి ఇచ్చిన ప్రతి అడుగూ వెనుక చేపను లాగే చోటులోంచి తీసుకున్నదే కాబట్టి, పడక, సింకు, స్టవ్ ఉన్న పడవలో నిలబడి గాలం పట్టే చోటు ఇద్దరికి సరిపోతుందో లేదో ముందుగా చూసుకోవాలి. కిటికీ చట్రాల కింద గోధుమరంగు చారలు దిగి ఉంటే నీరు గోడలోకి పోతున్నట్లే లెక్క. ఇంతకంటే ప్రాణాంతకమైన విషయం, వెనుక తెరిచి ఉన్న గది ముందుకు కదులుతున్నప్పుడు ఇంజన్ పొగను లోపలికి లాక్కోవడం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం లేని క్యాబిన్‌లో ఎవరూ నిద్రించరాదు.

అడుగు ఆకారం గురించి ఒక్కమాట. అమెరికన్ రూపశిల్పి రేమండ్ హంట్ గీసిన, లోతైన వి ఆకారపు అడుగు గల మోపీ అనే పడవ 1960లో మయామీ నుంచి నాసావు వరకు జరిగిన పందెంలో గెలిచిన తరువాత ఆ ఆకారానికి గిరాకీ పెరిగింది. అది అలలను మెత్తగా కోస్తుంది కాని, ఎక్కువ శక్తిని కోరుతుంది, ఆగి ఉన్నప్పుడు ఎక్కువగా ఊగుతుంది. సాల్మన్ వేటలో పడవ గంటల తరబడి మెల్లగా కదులుతూ ఎరను లాగుతుంది గనుక, లోతు తక్కువ వి ఉన్న తేలికపాటి పడవ చిన్న బడ్జెట్‌కు సరైన జోడు.

కాగితాలలో, ట్రాన్సమ్ కుడివైపు పైభాగాన చెక్కిన 12 అక్షరాల గుర్తింపు సంఖ్య యాజమాన్య పత్రంలోని సంఖ్యతో సరిపోలాలి. 1972 నవంబరు 1 నుంచి అమెరికాలో ప్రతి పడవకూ ఇది తప్పనిసరి. ట్రైలరుకు వేరే పత్రం ఉంటుంది. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు మించిన పడవను రోడ్డు మీద లాగడానికి ప్రత్యేక అనుమతి అవసరమవుతుందన్నదీ మరువరాదు.

చేతిలో పదిహేను వేల డాలర్లు ఉన్నవారు పది వేలకు మించిన పడవను చూడకుండా, మిగిలిన ఐదు వేలను మొదటి ఏడాది మరమ్మతులకు, పడవను పొడవు లెక్కన రుసుము తీసుకుని పరీక్షించే సర్వేయరుకు విడిచిపెట్టడం వివేకం. అదే పద్దుకు 24 అడుగుల అందమైన గది, పాత స్టెర్న్‌డ్రైవ్ ఒకవైపు, 20 అడుగుల సాదా గది, రికార్డులున్న ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మరొకవైపు నిలిచినప్పుడు రెండవదే కొనాలి. సర్వేలోగాని, నీటిలో నడిపి చూసినప్పుడుగాని లోపం తేలితే బయానా పూర్తిగా వాపసు చేయాలన్న షరతును ముందుగానే కాగితం మీద రాయించుకోవాలి. దానికి ఒప్పుకోని అమ్మకందారు పడవను, అది ఎంత ముచ్చటగా ఉన్నా, వదిలివేయడమే ఉత్తమం.