తనను తాను పిలుచుకునే నేర్పు

ప్రతి నోడ్‌కూ ఎడమవైపు దానికన్నా చిన్న విలువలు, కుడివైపు పెద్దవి ఉండేలా అమర్చిన బైనరీ సెర్చ్ ట్రీలో ఏ కొమ్మను విడదీసినా అదీ పూర్తి చెట్టే కనుక, ఫంక్షన్ తననే మళ్ళీ పిలుచుకునే రికర్షన్ పద్ధతి దానికి సహజంగా అమరుతుంది. ఖాళీ కొమ్మ తగలగానే వెనుదిరగాలనే ఒక్క షరతు ఆ పిలుపులను అంతులేకుండా సాగనీయదు. అసలు నేర్పు తొలగింపులో తేలుతుంది: రెండు కొమ్మలున్న నోడ్‌ను తీసేటప్పుడు కుడి కొమ్మలోని కనిష్ఠ విలువను దాని స్థానంలో నిలిపి, ఆ విలువను పాతచోటి నుంచి తీసే పనిని అదే ఫంక్షన్‌కు అప్పగించడం ఎంతో మనోహరమైన పొందిక. విలువలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా వచ్చి చేరితే చెట్టు ఒకే వైపుకు గొలుసులా సాగి, పిలుపులను గుర్తుంచుకునే స్టాక్ నిండిపోవచ్చు; 1962లో అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ ప్రతిపాదించిన ఏవీఎల్ చెట్టు ఆ ఒరుగుదలను ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంది.