రెండు వందల్లో చెడింది ఏది?

యీషున్‌లో నా ఇంట్లో వెలిగే కరెంటు కూడా సింగపూర్‌లో మిగతా ఇళ్లదిలాగే దాదాపు 95 శాతం గ్యాస్ నుంచి వచ్చేదే. ఎండ బోలెడంత ఉన్నా సోలార్ పలకలు కావలసినన్ని పరిచే నేల ఈ దీవికి లేదు. అందుకే 2035 నాటికి 6 గిగావాట్ల శుద్ధ విద్యుత్తు బయటి దేశాల నుంచి తెచ్చుకోవాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అందులో చాలా భాగం సముద్రం అడుగున కేబుళ్లలో రావాల్సిందే. అంత పొడవు కేబుల్‌లో ఏసీ పంపితే కేబుల్‌ని ఛార్జి చేయడానికే కరెంటు సరిపోతుంది. కాబట్టి డీసీ, దానికి రెండు కొసలా కన్వర్టర్లు. నా పని ఆ కన్వర్టర్ల కంట్రోల్.

ఈ శతాబ్దం మొదట్లో జర్మనీలో రైనర్ మార్క్వార్ట్ ప్రతిపాదించిన మాడ్యులర్ మల్టీలెవల్ కన్వర్టర్ 2010లో శాన్ ఫ్రాన్సిస్కో ట్రాన్స్ బే కేబుల్‌తో వాడుకలోకి వచ్చింది. అందులో ఒక్కో ఆర్మ్‌కి, అంటే కన్వర్టర్‌లోని ఒక్కో కొమ్మకి, సుమారు రెండు వందల సబ్‌మాడ్యూళ్లు. ఒక్కోదానిలో కెపాసిటర్, దాన్ని కరెంటు దారిలోకి తెచ్చే స్విచ్, తప్పించే స్విచ్. మన దేశంలో పుగలూరు–త్రిస్సూరు లైను 2021లో 2000 మెగావాట్ల సామర్థ్యంతో ఈ కొత్త తరం కన్వర్టర్లతోనే మొదలైంది.

మన విశాఖ గాజువాక స్టేషన్‌ది పాత తరం, థైరిస్టర్లది. థైరిస్టర్ చెడితే సాధారణంగా తనంతట తానే షార్ట్ అయిపోతుంది, వరసలో మిగతావి పని సాగిస్తాయి. కొత్త తరం సబ్‌మాడ్యూల్‌కి ఆ వెసులుబాటు లేదు. తప్పించే స్విచ్ తెగిపోతే, వద్దన్నా కరెంటు కెపాసిటర్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది. వోల్టేజి హద్దు దాటేలోపు ఎవరో ఒకరు గుర్తుపట్టాలి.

చెడినదాన్ని బైపాస్ చేయడం, అదనంగా పెట్టుకున్న సబ్‌మాడ్యూల్‌తో ఆ లోటు పూడ్చడం, ఆర్మ్‌ల మధ్య పుట్టే సర్క్యులేటింగ్ కరెంటుని అణచడం, వీటికి మంచి పద్ధతులే ఉన్నాయి. నన్ను వదలని ప్రశ్న మాత్రం దోషి ఎవరన్నదే.

ఏ క్షణాన ఏ కెపాసిటర్‌ని ఛార్జి చేయాలో కంట్రోలర్ సెన్సర్ల మాట విని నిర్ణయిస్తుంది. తక్కువ వోల్టేజి ఉన్నవాటికి మొదటి వంతు. ఒక సెన్సర్ ఉన్నదానికన్నా తక్కువ చూపించిందనుకోండి. ఆకలిగా ఉందని నమ్మి, కడుపు నిండిన బిడ్డకే మళ్లీ మళ్లీ పెట్టినట్టు అవుతుంది. స్విచ్‌లు రెండూ బాగానే ఉన్న సబ్‌మాడ్యూల్ మన సంరక్షణ వల్లే పాడవుతుంది. అందుకే ఆర్మ్‌లో పారిన కరెంటుని బట్టి ప్రతి కెపాసిటర్ వోల్టేజి ఎంత ఉండాలో లెక్కగట్టి, సెన్సర్ చెప్పినదానితో పోల్చి చూస్తాం.

ఎంత తేడా వస్తే తప్పని తేల్చాలి? హద్దు చిన్నదైతే పాతబడిన కెపాసిటర్ కూడా దోషిలా కనిపిస్తుంది. దాన్ని తప్పిస్తే, నిజంగా అవసరం పడే రోజుకి దాచిన అదనపు సబ్‌మాడ్యూల్ ఒకటి వృథా. హద్దు పెద్దదైతే కెపాసిటర్ పేలేదాకా తెలియదు. ఎన్ని మిల్లీసెకన్లలో పట్టుకున్నామన్న పోటీయే పరిశోధనల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పోటీ సగం పనే అని నా గట్టి అభిప్రాయం.

కొత్త పద్ధతితో వచ్చే కుర్ర ఇంజనీర్లను నేను ముందుగా వేగం గురించి అడగను. లోడ్ ఒక్కసారిగా మారినప్పుడు, కెపాసిటర్లు అరిగినప్పుడు, ఆ పద్ధతి బాగున్న సబ్‌మాడ్యూళ్లు ఎన్నింటిని దోషులుగా చూపిందో లెక్క తీసి చూపించమంటాను.