స్వీయముద్రణ – ఉత్తరదేశ కథావారసత్వం: విలియం మోరిస్ నవలా జీవితంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రచయిత తన నవలను తానే అచ్చు వేసుకోవడాన్ని సాహిత్యచరిత్ర తరచుగా ఒక లోటుగానే లెక్కిస్తుంది. ప్రచురణకర్తల నిరాకరణకు అది సూచనగా స్థిరపడిపోయింది. ఆంగ్ల రచయిత విలియం మోరిస్ (1834–1896) జీవితం ఈ నిర్ణయానికి లొంగదు. ఐస్లాండు సాగాల నుంచి, స్కాండినేవియా జానపద విశ్వాసాల నుంచి కథావస్తువును గ్రహించిన మోరిస్, తన నవలను తన ముద్రణాలయంలోనే అచ్చు వేశాడు. 1891లో వెలువడిన ‘ద స్టోరీ ఆఫ్ ద గ్లిటరింగ్ ప్లెయిన్’ ఆధారంగా కథావస్తువుకు, ముద్రణకు గల సంబంధాన్ని, అందులోని వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్వీయప్రచురణ, సాగాలు, జానపద విశ్వాసం, కెల్మ్‌స్కాట్ ప్రెస్, శ్రమ.

1. ఉపోద్ఘాతం

కవిగా, అలంకరణ కళాకారుడిగా, సామ్యవాదిగా మోరిస్ సుప్రసిద్ధుడు. ఆయన చివరి దశలో రాసిన అద్భుతకథా నవలలను మాత్రం చాలాకాలం విశ్రాంతివేళల రచనలుగానే చూశారు. ఆ నవలలను ఆయన ముద్రణ కృషి నుంచి విడదీసి చదవడం ఇందుకు ఒక కారణం. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు, పుస్తకాన్ని ఎవరు తయారుచేయాలి, ఎవరి కోసం తయారుచేయాలి అనే ప్రశ్న కథలోనూ అచ్చులోనూ ఒకేసారి కనిపిస్తుంది.

2. ఉత్తరదేశ కథలతో పరిచయం

ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా మోరిస్ బెంజమిన్ థోర్ప్ సంకలనం ‘నార్తర్న్ మైథాలజీ’ని చదివాడు. స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతాల పురాణగాథలను, జానపద విశ్వాసాలను కూర్చిన గ్రంథమది. 1856లో ‘ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జ్ మ్యాగజైన్’లో వెలువడిన ‘లిండెన్‌బోర్గ్ పూల్’ అనే కథకు ఆ గ్రంథంలోని ఒక ఐతిహ్యమే మూలం. ఆ పత్రిక ఖర్చును భరించినవాడు మోరిసే. అంటే జానపద మూలం, సొంత ఖర్చుతో ప్రచురణ అనే రెండు అంశాలూ ఆయన రచనాజీవితపు ఆరంభంలోనే జతపడ్డాయి.

1868లో ఎయిరీకుర్ మాగ్నుస్సోన్ వద్ద ఐస్లాండు భాష నేర్చుకోవడం రెండవ దశ. వారిద్దరూ కలిసి 1869లో గ్రెట్టిర్ సాగాను, 1870లో వోల్సుంగ సాగాను ఆంగ్లంలోకి తెచ్చారు. 1871లోనూ 1873లోనూ మోరిస్ ఐస్లాండులో పర్యటించాడు. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. సాగాలు నేరుగా నోటిమాటగా అందిన జానపద కథలు కావు. మధ్యయుగాల్లో లిఖితరూపం పొందిన గద్యసాహిత్యం. అయితే వాటిలో మౌఖిక సంప్రదాయపు ఛాయలు బలంగా ఉన్నాయి. మోరిస్ నవలలు ఈ రెండు ధారలనూ వాడుకున్నాయి.

3. సొంత ముద్రణాలయం

1888 నవంబరులో ఎమరీ వాకర్ ముద్రణకళపై చేసిన ప్రసంగం మోరిస్‌ను అక్షరరూపకల్పన వైపు నడిపించింది. 1891లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ ప్రారంభమైంది. 15వ శతాబ్దపు వెనిస్ ముద్రాపకుడు నికొలా జాన్సన్ అక్షరాలను పరిశీలించి మోరిస్ ‘గోల్డెన్’ అచ్చక్షరాలను రూపొందించాడు. చేతితో చేసిన కాగితం, చేతితో నడిపే ముద్రణయంత్రం, మోరిస్ స్వయంగా గీసిన అంచుల అలంకరణలు ఈ ముద్రణాలయ విశిష్టతలు. దాని తొలి పుస్తకం ‘గ్లిటరింగ్ ప్లెయిన్’. కాగితంపై 200 ప్రతులు, వెల్లం అనే దూడతోలుపై 6 ప్రతులు అచ్చయ్యాయి.

ఈ నవల అప్పటికే 1890లో ‘ఇంగ్లిష్ ఇలస్ట్రేటెడ్ మ్యాగజైన్’లో ధారావాహికంగా వచ్చింది. కనుక ప్రచురణకర్త దొరకక చేసిన స్వీయముద్రణ కాదిది. రచన ఏ అక్షరాలతో, ఏ కాగితంపై, ఎవరి చేతుల మీదుగా పాఠకుణ్ణి చేరాలో నిర్ణయించే హక్కును రచయిత తన చేతిలోకి తీసుకోవడం.

4. మరణం లేని నేల

నవలలోని ‘మెరిసే మైదానం’ మోరిస్ కల్పన కాదు. హెర్వరార్ సాగాలో గ్లైసిస్వెల్లిర్ అనే దేశం, అందులో ఓడాయిన్సాకర్ అనే మృత్యువులేని చోటు ప్రస్తావితమయ్యాయి. అక్కడ అడుగుపెట్టినవారికి రోగమూ ముసలితనమూ తొలగిపోతాయని ఆ గాథ చెబుతుంది.

మోరిస్ ఈ విశ్వాసాన్ని తిరగవేశాడు. కాకి వంశపు యువకుడు హాల్‌బ్లిథ్ అపహరణకు గురైన తన వాగ్దత్త వధువును వెతుకుతూ ఆ దేశం చేరతాడు. అతనితో వచ్చిన వృద్ధుడు ‘సీ ఈగిల్’ అక్కడ యువకుడై ఆ సుఖంలో కరిగిపోతాడు. హాల్‌బ్లిథ్ మాత్రం రాజు కుమార్తె ప్రేమను, అంతులేని యౌవనాన్ని కాదంటాడు. కొండల మీదుగా తప్పించుకోబోయి విఫలుడవుతాడు. చివరికి అడవి అంచున ఒంటరిగా నివసిస్తూ తన చేతులతో ఒక పడవను నిర్మించుకుని సముద్రం మీదుగా బయటపడతాడు.

నవలకు కీలకం ఈ పడవ నిర్మాణ ఘట్టమే. కోరినదల్లా దొరికే దేశంలో ఎవరికీ ఏదీ తయారుచేసే అవసరం లేదు. అక్కడ పనిచేసేవాడు ఒక్కడే. అక్కడి నుంచి బయటపడగలిగినవాడూ అతడొక్కడే. శ్రమలో ఆనందం లేనిదే కళ లేదని తన ఉపన్యాసాల్లో వాదించిన మోరిస్, అదే భావాన్ని ఇక్కడ వాదన రూపంలో కాక కథాసంఘటనగా నిలిపాడు.

5. వైరుధ్యం

ఈ అన్వయాన్ని ఇంతటితో ముగించడం న్యాయం కాదు. 1883 నుంచి సామ్యవాద ఉద్యమంలో పనిచేసిన మోరిస్, 1890లోనే ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’ను ఒక పెన్నీకి అమ్ముడయ్యే ‘కామన్‌వీల్’ పత్రికలో ధారావాహికంగా ప్రచురించాడు. ఆ మరుసటి ఏడాదే వందల సంఖ్యలో మాత్రమే లభించే ఖరీదైన పుస్తకం తెచ్చాడు. జనం ఉమ్మడి ఆస్తియైన కథ కొద్దిమంది సంపన్నుల అలమరాలకు చేరింది. అచ్చు పనివారికి గౌరవప్రదమైన శ్రమ లభించిందన్న సమాధానం తయారీకి వర్తిస్తుందే గాని పఠనానికి వర్తించదు.

రీవ్స్ అండ్ టర్నర్ సంస్థ ద్వారా 1891లోనే వెలువడిన సాధారణ ప్రతి ఈ లోపాన్ని కొంత పూరించింది. అయినా వైరుధ్యం పూర్తిగా తొలగలేదు. నవల వేసిన కొలబద్దతోనే దానిని కొలవవచ్చు: పంచుకోవడానికి వీలులేని సౌందర్యం ఆ మెరిసే మైదానం వంటిదే. హాల్‌బ్లిథ్ అక్కడ ఉండిపోలేదు; వధువును విడిపించుకుని తన జనం మధ్యకు తిరిగివచ్చాడు. కెల్మ్‌స్కాట్ ప్రతి మాత్రం ఆ ప్రయాణాన్ని పూర్తి చేయలేకపోయింది.

6. ముగింపు

1898లో మూతపడేనాటికి కెల్మ్‌స్కాట్ ప్రెస్ 53 గ్రంథాలను వెలువరించింది. ఈ కృషిని బట్టి స్వీయప్రచురణను అంచనా వేయడంలో ప్రచురణకర్త ఆమోదం ఒక్కటే ప్రమాణం కారాదని తెలుస్తోంది. రూపాన్ని నిర్ణయించింది ఎవరు, శ్రమ ఎవరిది, పుస్తకం ఎవరిని చేరింది అనే మూడు ప్రశ్నలు వేయాలి. మొదటి రెండింటికి మోరిస్ ఇచ్చిన సమాధానాలు స్పష్టమైనవి. మూడవదానికి ఆయన సమాధానం అసంపూర్ణం. జానపద మూలాల నుంచి నవల నిర్మించే రచయితలను అధ్యయనం చేసేటప్పుడు ఈ మూడవ ప్రశ్నను విస్మరించరాదు. ఎందుకంటే ఆ కథలను తరతరాలుగా కాపాడింది వాటిని చెప్పుకున్న జనమే.