కేంబ్రిడ్జి విద్యార్థుల ప్రహసనశాల

హాస్యము పుట్టుకతో రావలసిన గుణమనియు, నవ్వింపగలవాడు ఏ శిక్షణయు లేకయే నవ్వించుననియు, లేనివానికి ఎంత నేర్పినను అబ్బదనియు లోకమున ఒక నమ్మకము స్థిరపడియున్నది. మన పూర్వులు మాత్రము అట్లు తలపలేదు. భరతముని హాస్యరసమునకు వికృతవేషము, వికృతవాక్కు మొదలగు విభావములను వేర్వేఱుగ నిరూపించి, స్మితము మొదలుకొని అతిహసితము వఱకు నవ్వులోని ఆఱు భేదములను లక్షణసహితముగ చెప్పియున్నాడు. లక్షణము చెప్పదగినది అభ్యసింపదగినదియు నగును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1883లో వెలసి నేటికిని సాగుచున్న ఫుట్‌లైట్స్ అను విద్యార్థి నాటకసంఘము యొక్క చరిత్రను చదివినకొలది నాకు ఈ విషయమే దృఢపడుచు వచ్చినది. ఆ సంఘమున గురువు లేడు, పాఠ్యగ్రంథము లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. అయినను అక్కడ ఒక విద్య తరతరములుగ సంక్రమించుచున్నది.

పీటర్ కుక్, జాన్ క్లీజ్, గ్రహామ్ చాప్‌మన్, ఎరిక్ ఐడిల్, క్లైవ్ జేమ్స్, డగ్లస్ ఆడమ్స్, స్టీఫెన్ ఫ్రై, హ్యూ లారీ, ఎమ్మా థామ్సన్ మొదలగు ప్రసిద్ధ నటులు, రచయితలు ఆ సంఘమునుండి వచ్చినవారే యని ఏకరువు పెట్టి ఆశ్చర్యపడుట పరిపాటి. ఆశ్చర్యపడదగినదే. న్యాయశాస్త్రమునకు వచ్చినవాడు క్లీజ్, వైద్యమునకు వచ్చినవాడు చాప్‌మన్, మానవశాస్త్రము చదువుచు పడవపందెములలో తెడ్డువేసి 1980లో ఆక్స్‌ఫర్డుపై తన విశ్వవిద్యాలయము పక్షమున పోటీచేసినవాడు లారీ. జ్వరపీడితుడై పడవను విడువవలసివచ్చినందువలన లారీ నాటకమువైపు తిరిగెను. ఈ మువ్వురును ఆ పట్టణమున అడుగిడినది వేఱు చదువులకై. ఇన్ని దిక్కులనుండి వచ్చినవారిని ఒకే తీరున పదునుపెట్టిన సాధనమేదియో తెలిసికొనుట ఆ పేర్లను లెక్కించుటకంటె ప్రయోజనకరము.

ఆ సాధనము పేరు స్మోకర్. పూర్వము పొగత్రాగుచు వినోదించు గోష్ఠులకుండిన పేరు, ఆ పొగ పోయిన తరువాతను నిలిచియున్నది. విద్యార్థులు తాము వ్రాసిన చిన్న ప్రహసనములను, పాటలను, ఏకపాత్రాభినయములను తెచ్చి తోటివారి యెదుట వినిపింతురు; అందు ఎన్నికైనవి ఏడీసీ అను చిన్న నాటకశాలలో, ఆనాటి ముఖ్యనాటకము ముగిసిన పిదప రాత్రివేళ, ఒకటి వెనుక ఒకటిగ ప్రదర్శింపబడును. రంగాలంకరణము స్వల్పము, ఒక్కొక్క అంశము కొలది నిమిషములకు మించదు. బాగున్నది నిలుచును, బాగులేనిది ఆ రాత్రితోనే మఱుగున పడును. నిలిచినదానిని మరల వ్రాసి, మరల ఆడి, వసంతకాలమున జరుగు రివ్యూ అను ప్రహసనమాలికలో చేర్తురు; అందును నిలిచినది, మే వారమను పేరు పెట్టుకొని జూన్‌లో జరుగు వార్షికోత్సవ ప్రదర్శనమునకును, ఆ మీదట ఊరూర తిరుగు యాత్రకును, ఆగస్టులో ఎడింబరో ఉత్సవమునకును పోవును. ఒక మూడు నిమిషముల ప్రహసనము ఈ మెట్లన్నియు ఎక్కులోపల ఎన్ని మాఱులు తిరుగవ్రాయబడునో, ఎన్ని మాటలు కోసివేయబడునో ఊహించుట కష్టము కాదు.

ఈ పద్ధతిలోని మేలు ప్రేక్షకులలోనున్నది. కూర్చున్నవారు సమవయస్కులు, ప్రదర్శకులు చదివిన పుస్తకములనే చదివినవారు, మఱునాడు అదే రంగస్థలమెక్కదలచినవారు. పాతమాటకు నవ్వరు, అరువు తెచ్చిన చమత్కారమును పసిగట్టుదురు, స్నేహముచేత ఒకమాఱు నవ్వినను రెండవమాఱు నవ్వరు. అయినను వారియెదుట ఓడిపోయిన వానికి కలుగు నష్టము ఒక్క రాత్రి మాత్రమే. వృత్తినటుడు ఓడిపోయినచో జీతము పోవును, పేరు పోవును. విద్యార్థి ఓడిపోయినచో వారము తిరుగకముందే వేఱొకటి వ్రాసికొనివచ్చును. కఠినమైన పరీక్షయు, స్వల్పమైన శిక్షయు ఒకచోట కలియుట కళాభ్యాసమునకు దొరకు భాగ్యములలో అరుదైనదని నా విశ్వాసము. పైగా మూడేండ్లకు చదువు ముగిసినవారు వెడలిపోక తప్పదు గనుక, ఏ పెద్దవాని శైలియు ఆ సంఘముపై పెత్తనము చేయజాలదు.

ఇక ఆ ప్రహసనముల నిర్మాణమును గూర్చి. పీటర్ కుక్ లేబ్రాయముననే వ్రాసిన ఒంటికాలి నటుని ప్రహసనమును తీసికొందము. టార్జాన్ వేషమునకు నటుని ఎన్నుకొనుచున్న ఒక నిర్మాతయొద్దకు, ఒంటికాలితో గెంతుచు ఒక అభ్యర్థి వచ్చును. అడవిలో కొమ్మనుండి కొమ్మకు లంఘించు వీరుని పాత్రకు రెండు కాళ్లు కావలెనని చెప్పుటకు ఒక్క వాక్యము చాలును. నిర్మాత ఆ వాక్యమును చెప్పలేడు. అతడు మర్యాదస్థుడు, ఎదుటివాని మనస్సు నొప్పింపనొల్లనివాడు. కనుక ఉన్న కాలిని మెచ్చుకొనును, దాని సౌష్ఠవమును ప్రశంసించును, లేని కాలిని గూర్చి కార్యాలయ భాషలో, ఏదియో ఒక చిన్న అర్హత కొఱవడినట్లు, చుట్టు తిరిగి చెప్పును, చివరకు ఆశయును చూపును. ఇచ్చట నవ్వు పుట్టుచున్నది అంగవైకల్యమువలన కాదు. సత్యమును పలుకలేని మర్యాద తన్ను తాను కట్టివేసికొను తీరువలన పుట్టుచున్నది. అసంభవమైన విషయము ఒక్కటియే, అదియు తెరలేచిన క్షణముననే మన ముందుంచబడినది. ఆ తరువాత ప్రతి మాటయు తర్కబద్ధము, ప్రతి ప్రత్యుత్తరమును ఉచితము. రెండు పాత్రలలో ఏ ఒక్కటికిని తాము నవ్వు పుట్టించుచున్నామను స్పృహ లేదు. నిర్మాతగ కుక్ కనబఱచిన గాంభీర్యములో ఒక్క రేఖ చెదిరినను ఆ కట్టడమంతయు కూలిపోయెడిది. నవ్వించువాడు తాను నవ్వరాదను నియమము అన్ని దేశములందును కలదు గాని, దాని హేతువు ఇంత స్పష్టముగ కనబడు ప్రహసనమును నేనెఱుగను.

కుక్ విద్యార్థిగ నుండగనే లండనులోని వృత్తినాటకశాలలకు రివ్యూలు వ్రాసెను. 1959లో కెన్నెత్ విలియమ్స్ నటించిన ‘పీసెస్ ఆఫ్ ఎయిట్’లో అధికభాగము ఆతనిదే. మఱుసటి యేట ఎడింబరో ఉత్సవమున, కేంబ్రిడ్జినుండి ఆతడును జొనాథన్ మిల్లరును, ఆక్స్‌ఫర్డునుండి ఆలన్ బెన్నెట్టును డడ్లీ మూరును కలసి ‘బియాండ్ ది ఫ్రింజ్’ ప్రదర్శించిరి. అంతవఱకు రివ్యూయనగా నాట్యకత్తెలు, తళుకు దుస్తులు, నడుమనడుమ పాటలు. ఈ నలువురు సాదా దుస్తులతో, దాదాపు శూన్యమైన రంగమున నిలిచి, మాటనే నమ్ముకొనిరి. యుద్ధవీరగాథలను, మతాచార్యుల ఉపన్యాసములను, ప్రధానమంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ ప్రసంగధోరణిని అనుకరించిరి. ప్రదర్శనము 1961లో లండనుకును, 1962లో న్యూయార్కుకును పోయెను. మాక్‌మిలన్ స్వయముగ చూడవచ్చిన రాత్రి, కుక్ వ్రాతప్రతిని విడిచి సభలోనున్న ఆయననే ఉద్దేశించి మాటలు కల్పించి పలికెను. నాటకములను ముందుగ చదివి అనుమతించు రాజాధికారి శాసనము 1968 వఱకు చెల్లిన దేశమున అది సామాన్యమైన సాహసము కాదు.

1963 నాటి వార్షిక రివ్యూ మొదట వేఱొక పేరుతో ఆడి, ‘కేంబ్రిడ్జి సర్కస్’ అను పేర లండనుకును, మఱుసటి యేట న్యూజీలండుకును, బ్రాడ్వేకును పయనించెను. క్లీజ్, చాప్‌మన్, టిమ్ బ్రూక్ టేలర్, బిల్ ఆడీ, డేవిడ్ హాచ్ అందలి నటులు. న్యాయశాస్త్ర విద్యార్థియైన క్లీజ్ తన చదువును వ్యర్థము కానీయలేదు. ఆ రివ్యూలోని న్యాయస్థాన ఘట్టమున అడ్డుప్రశ్నల తర్కము తన ఘనతను కోల్పోకయే వెఱ్ఱితనముగ మాఱుట చూడవచ్చును. తెలిసిన శాస్త్రముయొక్క పరిభాషను తప్పులేకుండ వాడి, దానిని తగని వస్తువునకు అన్వయించుట ఈ సంప్రదాయమున ప్రధానమైన ఉపాయము. న్యాయవాదుల సంస్థలో ఉద్యోగము సిద్ధముగనున్నను, క్లీజ్ దానిని విడిచి బీబీసీలో రచయితగ చేరెను.

క్లీజ్, చాప్‌మన్‌ల జంట రచనాక్రమము స్మోకర్ నేర్పిన ఓర్పునకు నిదర్శనము. చచ్చిన చిలుకను అంటగట్టిన దుకాణదారునితో కొనుగోలుదారుడు వాదించు ప్రహసనము జగత్ప్రసిద్ధము. అది మొదట చిలుకను గూర్చినది కానే కాదు. కారు చెడిపోయినదని ఎంత మొఱపెట్టినను ఒప్పుకొనని ఒక గారేజీవానిని గూర్చి వారి సహనటుడైన మైకెల్ పేలిన్ చెప్పిన అనుభవము దానికి బీజము. 1968లో అది కారు ప్రహసనముగనే చిత్రింపబడినది. మఱుసటి యేట దానిని తిరుగవ్రాయుచు, కారు పాతబడిన విషయమని తలచి, చాప్‌మన్ చిలుకను ప్రతిపాదించెను. కారు చెడినదా లేదా యను వాదమునకు తావున్నది. ప్రాణి చచ్చినదా లేదా యను వాదమునకు తావులేదు. తావులేనిచోట వాదము సాగినందువలన దుకాణదారుని బుకాయింపు ఒక మహోన్నత స్థాయికి చేరినది. మరణమునకు పర్యాయపదములను నిఘంటువునుండి ఏఱి కొనుగోలుదారుని నోట గుప్పించుటచే ఆతని క్రోధము ఒక పాండిత్యప్రదర్శనమైనది. ఒక్క వస్తువును మార్చుటయే పని. ఆ ఒక్క మార్పును కనుగొనుటలోనే శిల్పమున్నది.

1969 అక్టోబరు 5న ప్రసారమారంభించిన ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ ఆఱుగురి కృతి. అందు ఫుట్‌లైట్స్‌వారు ముగ్గురు, ఆక్స్‌ఫర్డువారు ఇద్దఱు, చిత్రములకు కదలిక కల్పించిన టెర్రీ గిలియమ్ అమెరికావాడు. కొసమెరుపుతో ప్రహసనమును ముగించి దీపములార్పుట రివ్యూల సంప్రదాయము. కొసమెరుపు బలహీనమైనచో అంతవఱకు పండిన ప్రహసనమంతయు నీరుగారును; దానినెఱిగిన ఈ బృందము కొసమెరుపునే త్యజించి, ఒక ప్రహసనమును నడుమ విడిచి బొమ్మల ద్వారమున మఱొకదానిలోనికి ప్రవేశించు మార్గమును త్రొక్కినది. ఈ మార్గమును వారికి ముందే చూపినవాడు హాస్యరచయిత స్పైక్ మిలిగన్. ఆతడు కళాశాల మెట్లెక్కనివాడు. 1918లో మన దేశమున అహమదునగరమున, బ్రిటిషు సైనికుని కుమారుడుగ జన్మించి, పూనాలోను రంగూనులోను బాల్యము గడపినవాడు. కేంబ్రిడ్జివారి నూతనత్వమునకు మూలమొకటి కేంబ్రిడ్జి వెలుపలనున్నదని వారే కృతజ్ఞతతో అంగీకరించుట నాకు మిక్కిలి నచ్చిన విషయము.

ఈ సంఘమున నేను క్షమింపజాలనిది ఒకటి కలదు. ఎనుబదేండ్లపాటు స్త్రీకి అందు సభ్యత్వము లేదు. స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. 1932లో ఒకమాఱు స్త్రీలను రంగమున చేర్చి, మఱుసటి యేటి రివ్యూకు ఇక స్త్రీలు వలదని అర్థమిచ్చు పేరే పెట్టిరి. 1959లో జాన్ బర్డ్ దర్శకత్వమున ఎలినార్ బ్రాన్ నటించినది. ఎరిక్ ఐడిల్ అధ్యక్షుడైనప్పుడుగాని సభ్యత్వద్వారము తెఱువబడలేదు. ఆ పిదప ప్రవేశించిన తొలి స్త్రీలలో జెర్మెయిన్ గ్రీర్ ఒకతె. ఎనుబది సంవత్సరములలో ఎందఱి ప్రతిభ తలుపు వెలుపలనే నిలిచిపోయినదో లెక్కింప వీలులేదు. తలుపు తెఱచిన తరువాత జరిగినది మాత్రము కనబడుచునే యున్నది: ఎమ్మా థామ్సన్ 1980లో కేవలము స్త్రీలతోనే ‘వుమన్స్ అవర్’ అను రివ్యూను సహాధ్యాయినులతో కలసి నడపెను, జాన్ రేవెన్స్ తొలి అధ్యక్షురాలై, ఫ్రై, లారీ, థామ్సన్, టోనీ స్లాటరీ మున్నగువారు ఆడిన 1981 నాటి ‘సెల్లార్ టేప్స్’కు దర్శకత్వము వహించెను. ఎడింబరోలో పెరియే హాస్య బహుమానము మొదటిసారిగ ఈయబడినది ఆ ప్రదర్శనమునకే. థామ్సన్ తరువాతి కాలమున నటనకును, చలనచిత్ర రచనకును వేర్వేఱుగ ఆస్కారు పొందెను. పదుగురి నడుమ మూడు నిమిషములలో పాత్రను నిలువబెట్టుట నేర్చినవారికి మాటల పొదుపు తెలియుట సహజము.

ఉన్నత విద్యాలయములవారు ఒకరినొకరు చేయిపట్టి లాగికొందురను నింద ఈ సంఘముపై కలదు. అది నిరాధారము కాదు. ‘కేంబ్రిడ్జి సర్కస్’ బృందమునుండి హాచ్ బీబీసీ రేడియోకు అధిపతి యయ్యెను, దర్శకుడు హంఫ్రీ బార్క్లే టెలివిజన్‌లో హాస్యవిభాగమునకు పెద్ద యయ్యెను. అట్టివారున్నచోట తరువాతివారికి త్రోవ సులభమగుట నిజము. కాని పరిచయము ద్వారమువఱకే తీసికొనిపోవును. నవ్వు రానిచో ఏ పరిచయమును రప్పింపలేదు. అట్టి అవకాశము ఒక్క పట్టణమునకే పరిమితమగుట అన్యాయమని నేనును అందును. అందుకు తగిన చికిత్స ఆ పద్ధతిని అన్ని కళాశాలలకు పంచుట.

అక్కడ నేర్చిన విద్య రంగస్థలమునకే కట్టుబడియుండలేదు. క్లైవ్ జేమ్స్ 1972 నుండి పదేండ్లు ‘అబ్జర్వర్’ పత్రికలో టెలివిజన్‌ను సమీక్షించుచు, ప్రహసనమునకుండు బిగువును విమర్శవాక్యమునకు తెచ్చెను. కేంబ్రిడ్జి విడిచిన పిదప చాప్‌మన్‌తో కలసి వ్రాసిన డగ్లస్ ఆడమ్స్, 1978లో బీబీసీ రేడియోకు ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ని రచించి, ఒక దారిని వేయుటకు ఒక ఇంటిని కూల్చు ఉద్యోగుల తర్కమునే విస్తరించి, అంతరిక్షమార్గమునకై భూమినే కూల్చు తర్కముగ మలచెను, ఒక్క అసంభవమును అంగీకరించి తక్కినదంతయు నియమముగ నడపు కుక్ పద్ధతియే అది. 1990ల చివర అక్కడ చదివిన జాన్ ఆలివర్, 2014 నుండి అమెరికాలో నడపుచున్న వారపు కార్యక్రమమున ఏదియో ఒక ప్రజాసమస్యను, బీమావంటి నీరస విషయమునైనను, ఇరువది నిమిషములకు పైగ విప్పి చెప్పును. పత్రములను, లెక్కలను, సాక్ష్యములను వరుసగ పేర్చుచు, కొలది వాక్యముల కొకమాఱు ఒక విపరీతమైన ఉపమానమును దించి, అది కలిగించిన నవ్వు అణగకముందే మరల వాదమును అందుకొని ముందునకు నడచును.