చేతి సేవలు, మార్సెలా పాస్తా

మార్సెలా హజాన్ 1992 నాటి 'ఎసెన్షియల్స్ ఆఫ్ క్లాసిక్ ఇటాలియన్ కుకింగ్'ని వంటల పుస్తకమనే కొన్నాను. పాస్తా దగ్గరికొచ్చేసరికి వంట సంగతి మరిచిపోయి వచనంగా చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఇటాలియన్‌లో రాస్తే భర్త విక్టర్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. అయినా పిండి అంటిన వేళ్లు ఆ వాక్యాల్లో కనిపిస్తూనే ఉంటాయి. ముద్దలోకి బొటనవేలు గుచ్చి చూడు, తడి అంటకుండా వస్తే ఇంక పొడిపిండి వెయ్యకు అంటుంది. ఎనిమిది నిమిషాలు పిసకమంటుంది, గడియారం చూసి మరీ. సుమారు 32 అంగుళాల పొడవుండే కర్రతో పిండిని అణచకూడదట, సాగదీయాలట. 'తగినంత', 'సరిపడా' అనే మాటలతో పని కానిచ్చేసే మన వంట పుస్తకాలు చదివీ చదివీ ఉన్నానేమో, ఈ పట్టింపు నాకు బాగా నచ్చింది.

సాగదీయడం మాత్రం నాకు కొత్త కాదు. మాది గోదావరిఖని, కంపెనీ క్వార్టరు. ఎండాకాలం అమ్మా పక్కింటి ఖాలా కలిసి సేవలు చేసేవాళ్లు. మాకు పాయసానికి, వాళ్లకు షీర్ ఖుర్మాకు. (సేవలు అనే మాటకున్న రెండో అర్థం ఆ ఇళ్లల్లో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.) సన్న రవ్వ, మైదా, ఉప్పునీళ్లు. గుడ్డు ఉండదు. రాత్రే కలిపి తడిగుడ్డ కప్పి పెట్టేవాళ్లు. కలిపిన వెంటనే లాగితే పిండి రబ్బరులా వెనక్కి గుంజుకుంటుంది. గోధుమలోని గ్లూటెన్ సడలాలంటే దాన్ని కాసేపు వదిలెయ్యాలి.

45 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో వాటిని నీడన ఎందుకు ఆరబెడతారో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. "ఎండకు పగుల్తయి బిడ్డా, నీడకే ఆరాలె" అనేది అమ్మ. పైపొర ముందే ఎండిపోయి లోపల తడి మిగిలితే పోగు చిట్లుతుంది. నేపుల్స్ దగ్గర గ్రన్యానోలో పాస్తా ఆరబెట్టే పనివాళ్లదీ ఇదే భయం. మాకు ఇంకో కారణం కూడా ఉంది, ఓపెన్‌కాస్టు దుమ్ము. బయట ఆరేస్తే సాయంత్రానికల్లా సేవల మీద నల్లటి నూగు పేరుకునేది.

మార్సెలాలో నేను మెచ్చేది ఆవిడ నిజాయితీ. ఇంట్లో గుడ్డుతో చేసిన తాజా పాస్తా గొప్పదనీ, ఫ్యాక్టరీలో చేసిన ఎండు పాస్తా తక్కువదనీ ఆవిడ ఎక్కడా అనదు. రెండూ వేరు, దేని సాస్ దానిది అంటుంది. ఇప్పుడు ఫోన్లలో కనిపించే 'ఇంట్లోనే తాజా పాస్తా' వీడియోలు చూడండి. 'చేత్తో చేసింది' అనగానే చాలు, రుచిగా ఉందా లేదా అని అడిగేవాడు ఉండడు.

కానీ ఆవిడతో నాకొక పేచీ ఉంది. మిషన్ రోలర్ల మధ్య నలిగిన పాస్తా నున్నగా జారుతుందనీ, కర్రతో చేతులారా సాచిందే మేలనీ ఆవిడ తీర్పు. నాలుక విషయంలో అది నిజమే కావచ్చు. మరి భుజం మాటేమిటి? విచిత్రమేమంటే ఆవిడ కుడిచెయ్యి చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతుక్కోలేదు, జీవితాంతం వంకరగానే ఉండిపోయింది. అలాంటి మనిషి రాసిన పుస్తకంలో నొప్పి ప్రసక్తి ఇంత తక్కువ ఉండటం నన్ను ఆపేసింది. సిగ్గా, పౌరుషమా? వంటల పుస్తకమనే ప్రక్రియే దానికి చోటివ్వదని నా అనుమానం.

యంత్రాన్ని కీర్తించినవాళ్లు మాత్రం ఆ చేతుల్ని చూశారా అంటే, అదీ లేదు. ఫ్యూచరిస్టు కవి మారినెట్టి 1930 డిసెంబరు 28న టూరిన్ పత్రికలో అచ్చేసిన వంటల మేనిఫెస్టోలో పాస్తాను ఏకంగా రద్దు చెయ్యమన్నాడు. అది తిని ఇటాలియన్లు బద్ధకస్తులూ నిరాశావాదులూ అవుతున్నారట. వేగాన్నీ ఉక్కునూ ఆరాధించిన మనిషి కదా. పళ్లెంలోకి వచ్చాక పాస్తా ఏం చేస్తుందన్నదే ఆయన బాధ. పళ్లేనికి ముందు దాన్ని పిసికిన ఆడవాళ్లు ఆ మేనిఫెస్టోకు పట్టలేదు. హాస్యంగా రాశాడులే అని సర్దిచెప్పే విమర్శకులున్నారు. హాస్యమైతే మాత్రం ఎవరిమీద?

మా ఇంట్లో మిషన్ అనే మాటకు రెండు ఉచ్చారణలుండేవి. నాయిన కోల్ ఫిల్లరు, తట్టా చెమ్మసుతో టబ్బులు నింపిన మనిషి. గనిలోకి ఎస్‌డీఎల్ మిషన్లు దిగాక ఫిల్లర్ల పని తరుగుతూ వచ్చింది. ఆ మాట అన్నప్పుడల్లా నాయిన గొంతు తగ్గేది. అమ్మకేమో అంతకుముందు పీట మీద అరచేత్తో నులుముతూ సేవలు తియ్యడమే తెలుసు. చేతితో తిప్పే సేవల మిషన్ కొన్నరోజు క్వార్టర్ల లైనంతా పిలిచి చూపించింది. మంచం పట్టెకు బిగిస్తే ఒకరు హ్యాండిల్ తిప్పాలి, ఇంకొకరు దిగే పోగుల్ని అందుకుని కర్ర మీద వెయ్యాలి. ఒకే ఇంట్లో ఒక మిషన్ భయం, ఇంకోటి పండుగ. సింగరేణి కథల్లో మొదటిది నేను చాలా చదివాను. రెండోది ఎవరైనా రాశారేమోనని ఇంకా వెతుకుతున్నాను.

మార్సెలా లెక్కనే మొన్న గుడ్లతో పిండి కలిపాను. ఎనిమిది నిమిషాలు పిసికి అమ్మకిచ్చాను. గిల్లి చూసి, "ఇంకా నాననియ్యి" అని పక్కన పెట్టింది. అటక మీది మిషన్ దింపి తుడిచాను. హ్యాండిల్ తుప్పు పట్టింది కానీ తిరుగుతోంది. కర్రతో సాచి చూద్దామా అని అడిగితే నా మొహంలోకి ఓసారి చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు తిప్పు. నేను గుంజుత."