కుదురులేని ఫిలిప్, ఆకాశం చూచే హన్స్

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో వైద్యుడైన హైన్రిక్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ల కొడుక్కి బొమ్మల పుస్తకం కొనబోయి, నచ్చినదేదీ దొరకక, తానే గేయాలు వ్రాసి, తానే బొమ్మలు వేసి ఇచ్చాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆ ‘స్ట్రువెల్‌పీటర్’లో, తరువాతి ముద్రణలలో చేరిన కథలలో ఒకటి కుదురులేని ఫిలిప్‌ది. ఎ.డి.హెచ్.డి., అనగా అవధాన లోపం, అతిచాంచల్యం గల స్థితిని గురించి వ్రాసేవారు తరచు ఉదాహరించేది దీనినే. జర్మన్ వాడుకలో ఆ స్థితికి ఈ పిల్లవాని పేరే మారుపేరయినది.

కథ చిన్నది. భోజనాల బల్లవద్ద తండ్రి కదలక కూర్చోమంటాడు. తల్లి మాటాడక చూస్తుంది. ఫిలిప్ కుర్చీని ఊపి ఊపి, పడిపోతూ బల్లగుడ్డను పట్టుకుంటాడు. పళ్లెములతో సహా సమస్తం నేలపాలు. బొమ్మలలో హాఫ్‌మన్ చూపు నిశితమైనది. తీర్పు మాత్రం వైద్యునిది కాదు, ఇంటి పెద్దది: మాట వినలేదు, పడ్డాడు. మాట వినడం వేరు, ఒంటిని నిలుపుకొనగలగడం వేరు అన్నది ఆ గేయంలో లేదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇట్టి పిల్లలను గురించి ఉపన్యసించినప్పుడు సైతం ‘నైతిక నిగ్రహ లోపం’ అన్నాడు. కనుక హాఫ్‌మన్‌ను నిందించి లాభం లేదు. పొరపాటు ఈ కథను రోగ వర్ణనగా చదివేవారిది. ఒక్కపూట భోజనం చూచి నిర్ణయం చేయరాదు. 2013 నాటి అమెరికన్ మనోవైద్య ప్రమాణాల ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడాలి. కనీసం 6 నెలలు, ఇల్లు, బడి వంటి రెండు తావులలోనైనా ఉండాలి.

ఇంతకంటె విలువైన కథ అదే పుస్తకంలో హన్స్‌ది. బడికి పోతూ పిట్టలను, మబ్బులను చూస్తాడు, కుక్కను ఢీకొంటాడు, ఒకనాడు నదిలో పడతాడు. ఇద్దరు మనుష్యులు గడలతో పైకి లాగుతారు, పుస్తకాల సంచి మాత్రం కొట్టుకొనిపోతుంది. ఇతడు ఎవరి భోజనమూ చెడగొట్టడు. అందుకే ఎవరి కంటా పడడు. ఆడపిల్లలలో ఈ స్థితిని ఆలస్యంగా గుర్తించడానికి ఇదొక కారణం.

హన్స్‌కు అవధానం లేదనగలమా? పిట్టలమీద నిండుగా ఉన్నది. దానిని పిట్టలనుండి గట్టుమీదికి మరల్చుకొనడమే కష్టం. ‘లోపం’ అనే మాట ఇక్కడ కొంత పెడదారి పట్టిస్తుంది. విద్యుత్ మోటారును గురించి రెండు గంటలు కదలక చదివిన విద్యార్థి మరునాడు చరిత్ర నోటుపుస్తకం మరచి వస్తే, “మనసుంటే చేయగలడు, కావాలనే చేయడు” అని ఉపాధ్యాయుడు అనుకుంటాడు. ఈ స్థితిలో జీవించడమంటే ఆ మాట ప్రతిదినం పడడమే. పద్ధతి తెలిసిన లెక్కలో రుణ గుర్తు వదలడం, చెప్పిన మూడు పనులలో రెండవది మరవడం, పది నిమిషాలంటే ఎంతసేపో అంచనా చిక్కకపోవడం, రేపటి పరీక్ష రాత్రి పదింటికి గుర్తు రావడం — బల్లగుడ్డ లాగినట్లు ఇవి బొమ్మకు ఎక్కవు. పెద్దయిన తరువాత చాలమందికి ఇవే కరెంటు బిల్లు గడువులై వెన్నాడుతాయి.

పుస్తకంలోని పెద్ద వెలితి ఏమనగా, కథ పడిపోవడంతో ఆగుతుంది. మరునాడు సంచి లేకుండా బడికి పోయిన హన్స్‌ను ఏమడిగారో అందులో లేదు. ముందు బల్లమీద చోటు, ఒకసారికి ఒక్క పని, గడువును నల్లబల్లమీద వ్రాసి ఉంచడం — ఇవి తరగతిలోనే చేయదగినవి. మందు అవసరమా కాదా అనేది పరీక్షించిన వైద్యుడు తేల్చవలసినది.