పది లెక్కపెట్టేదాకా

మా మనవడికి 20 నెలలు. వేళ్ల మీద లెక్కేస్తే నాకు 13 మాటలు తేలాయి: బువ్వ, లాల, తాత, కాకి... ఇలా. రెండేళ్లు నిండేసరికి ఓ 50 మాటలుండాలని, రెండేసి కలపాలని అంటారు. మా కోడలిది బెంగళూరు. ‘‘ఇంట్లో రెండు భాషలు, అందుకే వాడికి తికమక’’ అని తీర్పు చెప్పేశాను.

కోడలు వాదించలేదు, ముందు వాడికి చెవుల పరీక్ష చేయించింది. వినికిడి బాగానే ఉంది. తర్వాత స్పీచ్ థెరపిస్టు దగ్గరికెళ్తే, వాడి కన్నడం మాటలూ కలిపి లెక్కపెట్టమన్నారు. హాలు, బా, ఊట... మొత్తం 19! రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదట. వాడితో నన్ను ఆడుకోమని కాసేపు చూసి, ‘‘అమ్మా, బాబుకి మీరు సందివ్వట్లేదు’’ అన్నారామె.

నిజమే. వాడు చెంబువైపు చూస్తే చాలు, నీళ్లు నోటికందించేదాన్ని. తక్కిన సమయమంతా ‘‘ఇదేంటి? ఆవు ఎలా అరుస్తుంది?’’ అని పరీక్షలే.

ఇప్పుడు గ్లాసు పట్టుకుని, వాడి కళ్లలోకి చూస్తూ మనసులో పది లెక్కపెడతాను. ఏడు దగ్గరికొచ్చేసరికి నాలుక దురద పెడుతుంది. అప్పుడు ‘‘నీ...’’ అంటాడు. ‘‘నీళ్లా? చల్లటి నీళ్లు’’ అని ఇస్తాను. పది దాటినా పలక్కపోతే ‘నీళ్లు’ అని నేనే చెప్పి ఇచ్చేస్తాను. దాహంతో బేరమేమిటి?

మా అమ్మకి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. కాళ్లు చాపుకుని, పసివాణ్ణి వాటిమీద పడుకోబెట్టి నూనె రాస్తూ ‘‘చెయ్యేదీ? ఇదిగో చెయ్యి. చేతికి నూనె. రెండు చేతులకీ నూనె’’ అనేది. మన భాషలో మాట రూపం మారిపోతూంటుంది కదా, చెయ్యికీ చేతికీ చుట్టరికం ఆ నూనె జిడ్డులోనే తెలిసేది. ఫోనులో పాటలకు ఆ ఓపిక లేదు, వీడు నోరు తెరిచేలోపు మరో పాట మొదలవుతుంది.

వాడికింకా ‘ర’ పలకదు, కారుని ‘కాలు’ అంటాడు. దిద్దను. ‘‘అవును, కారు! కారు పోయింది’’ అని ఇంకో మాట కలిపి అందిస్తాను.

నిన్న సాయంత్రం గేటు పట్టుకుని మొదటిసారి రెండు మాటలు కలిపాడు. ‘‘కాలు పోయీ!’’ అని గట్టిగా అరిచాడు. పక్కింటావిడ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.